కంట్రోల్ బియ్యం, సంఘం జొన్నలు

రేషన్ గురించి మాటొస్తే ఎన్ని కిలోలు, దొడ్డువా సన్నవా, అక్కడే ఆగిపోతాం. అసలు ఊళ్లో ఏం పండాలి, కంచంలోకి ఏం రావాలి, ఇది ఎవరు తేల్చాలి? జహీరాబాద్ వైపు ఆడవాళ్లు ఈ మాట ఎప్పుడో ఎత్తారు.

1983లో ఎన్టీఆర్ రెండు రూపాయల కిలో బియ్యం తెచ్చారు. ఎన్నో ఇళ్లలో ఆకలి తీర్చిన స్కీమ్ అది, తక్కువ చేసి మాట్లాడను. కానీ జొన్నరొట్టె, గటక తినే మెట్ట ఊళ్లకీ కంట్రోల్ షాపులో బియ్యమే వచ్చాయి, దాంతో జొన్నలకి గిరాకీ పడిపోయి పేదల చేన్లు చాలావరకు బీడు పడ్డాయి.

అదే ఏడాది జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ కేంద్రంగా పి.వి.సతీష్, ఇంకొందరు కలిసి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పెట్టారు. దాని సంఘాల్లో ఎక్కువమంది దళిత ఆడవాళ్లే. 90ల మధ్యలో వీళ్లు సొంతంగా రేషనే నడిపారు. బీడు దున్నుకోడానికి రైతుకి అప్పు ఇచ్చేవాళ్లు, ఆ అప్పు జొన్నల్లో తీర్చాలి, ఆ జొన్నలు ఊళ్లోనే దాచి కూలి దొరకని రోజుల్లో పేదలకి తక్కువ ధరకి ఇచ్చేవాళ్లు. మరి పేదలెవరు? ఊరంతా కూర్చుని నేలమీద ముగ్గుతో ఊరి పటం గీసి, ఒక్కో ఇంటికీ ఎంత లేమి ఉందో అందరి ముందే మాట్లాడుకుని గుర్తులు పెట్టేవాళ్లు, ఆఫీసు నుంచి వచ్చిన లిస్టు కాదు. నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే.

2001 జూన్‌లో జహీరాబాద్ దగ్గరి అల్గోల్ ఊళ్లో 'ప్రజాతీర్పు' జరిగింది. అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వేసుకున్న 'విజన్ 2020' ప్రణాళిక ప్రకారం వ్యవసాయం మీద బతికేవాళ్లు 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గాలి. చిన్న రైతులు, కూలీలే జ్యూరీగా కూర్చుని సైంటిస్టుల్ని, అధికారుల్ని, కంపెనీ వాళ్లని ప్రశ్నలు అడిగి, ఆ తగ్గింపు వద్దు, జన్యుమార్పిడి పంటలు వద్దు, మా విత్తనం మా చేతిలోనే ఉండాలి అని తేల్చి చెప్పారు. ఆ మరుసటి ఏడాదే జన్యుమార్పిడి పంటైన బీటీ పత్తికి కేంద్రం అనుమతి ఇచ్చేసింది.

2013 ఆహార భద్రత చట్టంలో మాత్రం చిరుధాన్యాలు చేరాయి, కిలో రూపాయికి. 2023ని చిరుధాన్యాల ఏడాదిగా ఐక్యరాజ్యసమితి జరిపింది, ఆ మార్చిలోనే సతీష్ గారు పోయారు. 2025 ఉగాదికి తెలంగాణ రేషన్‌లో మనిషికి 6 కిలోల సన్నబియ్యం మొదలయ్యాయి. జొన్నలు కావాలా అని జహీరాబాద్ అక్కల్ని ఎవరైనా అడిగితే బాగుండేది.