మిస్డ్ కాల్ కథ: పిల్లలకి పెదనాన్న ఉత్తరం

ఒరే చిన్నోడా, బుజ్జీ, ఇంకా మిగతా గ్యాంగ్ అందరికీ,

మొన్న ఫ్యామిలీ గ్రూపులో మీలో ఎవరో అడిగారు కదా, పాత సినిమాల్లో అందరూ మిస్డ్ కాల్ ఇస్తా మిస్డ్ కాల్ ఇస్తా అంటుంటారు, ఫోన్ చేసి మాట్లాడితే పోలా, ఎందుకంత హడావిడి అని. అక్కడే టైప్ చేద్దామనుకున్నా గానీ చెప్పాల్సింది చాలా ఉంది, ఫోన్లో కొడితే నా వేళ్ళు అరుగుతాయి, అందుకని తీరిగ్గా ఉత్తరం రాస్తున్నా. రీల్స్ కాసేపు పక్కన పెట్టి చదవండి.

నేను తెనాలిలో ఎస్‌టీడీ బూత్, అంటే జనం డబ్బులిచ్చి వేరే ఊళ్ళకి ఫోన్ చేసుకునే కొట్టు, నడిపిన మనిషిని, కాబట్టి ఈ సబ్జెక్టులో నన్ను మించినోడు మన ఇంట్లో లేడు. పసుపు బోర్డు, అద్దాల గది, బయట నా టేబుల్ మీద ఎర్ర అంకెల మీటరు, పక్కన చిన్న ప్రింటరు, ఇదీ సెటప్పు. రాత్రి 11 దాటితే పావు రేటు, అందుకని జనం భోజనాలు చేసేసి వచ్చి అరుగు మీద కూర్చుని గడియారం వంక చూస్తుండేవాళ్ళు, పదకొండు కొట్టగానే క్యూ. ఈ మిస్డ్ కాల్ విద్య సెల్‌ఫోన్‌తో పుట్టిందనుకుంటారేమో, కాదు, ల్యాండ్‌లైన్ రోజుల్లోనే ఉంది. "చేరాక రెండు రింగులిచ్చి పెట్టేస్తాం, ఎత్తకండి" అని చెప్పి బస్సెక్కేవాళ్ళు. అప్పటి ఫోన్లలో ఎవరు చేస్తున్నారో కనపడేది కాదు, అందుకని రింగుల లెక్కే కబురు. రెండైతే క్షేమంగా చేరాం, మూడైతే డబ్బు పంపండి, ఇలా ఎవరింటి కోడ్ వాళ్ళది. మధ్యలో ఇంకెవరైనా ఫోన్ చేసి రెండు రింగులకే పెట్టేస్తే ఇక చూడు, ఊళ్ళో లేని మనిషి ఊరు చేరిపోయినట్టే!

నా బాధ ఏంటంటే, నా బూత్‌కే వచ్చి, నా ఫ్యాన్ కింద నిలబడి, రింగిచ్చి పెట్టేసి, "బిల్లెంత బాబాయ్" అని నవ్వుతూ అడిగి వెళ్ళిపోయేవాళ్ళు ఉండేవాళ్ళు. మీటర్లో సున్నా ఉంటే నేనేం అడుగుతా? మా వీధి చివర బూతాయన ట్రై చేసినందుకు రూపాయి అని బోర్డు పెట్టాడు, వారం తిరక్కుండా గిరాకీ అంతా నా దగ్గరికొచ్చింది, బోర్డు తీసేశాడు.

సున్నా ఎందుకొస్తుందో కూడా చెప్తా, ఇది మీ ఇంజినీరింగ్‌లో చెప్పారో లేదో. సెల్‌ఫోన్ లెక్కలోనే చెప్తా, నువ్వు నంబర్ కొట్టగానే నీ ఫోన్ నుంచి టవర్‌కి, అక్కడ్నుంచి ఎక్స్‌ఛేంజ్‌కి ఒక మెసేజ్ పోతుంది, ఫలానా నంబర్ ఫలానా నంబర్ని అడుగుతోంది అని. ఎక్స్‌ఛేంజ్ అవతలి సిమ్ ఇప్పుడు ఏ ఊళ్ళో ఉందో రిజిస్టర్లో చూసి, అక్కడి టవర్ల ద్వారా కేకేసి, రింగ్ మోగిస్తుంది. నీ నంబర్ కూడా ఆ రింగుతోనే అవతలి స్క్రీన్ మీదకి పోతుంది. ఇంత పని జరిగినా మీటర్ తిరగదు, అవతలివాడు ఎత్తాడు అన్న కబురు వెనక్కి వచ్చిన క్షణం నుంచే బిల్లు మొదలు. అంటే కంపెనీ అమ్మేది మాట, మనకి కావాల్సింది "నేను అడుగుతున్నా" అన్న కబురు ఒక్కటే, అదేమో ఫ్రీగా వచ్చేస్తోంది. జనం ఆ సందులో దూరిపోయారు. పిసినారితనం అని మీ తరం నవ్వుతుంది గానీ నాకైతే ఇది బ్రహ్మాండమైన తెలివి అనిపిస్తుంది.

రేట్లు చూస్తే మీకే అర్థమవుతుంది. మన దేశంలో మొదటి సెల్‌ఫోన్ కాల్ 1995 జూలై 31న, కలకత్తా నుంచి జ్యోతిబసు ఢిల్లీలో టెలికం మంత్రి సుఖ్‌రామ్‌కి చేశారు. ఆ రోజుల్లో రద్దీ టైములో నిమిషానికి 16 రూపాయల దాకా ఉండేది, పైగా వచ్చే కాల్‌కీ డబ్బులే. ఫోన్ మోగితే గుండె మోగేది. అందుకని నంబర్ చూసుకుని, కట్ చేసి, పక్కనున్న నాలాంటోడి బూత్‌కి వచ్చి తిరిగి చేసేవాళ్ళు, నాకు అదో సీజను. 2003లో ఇన్‌కమింగ్ ఫ్రీ అయింది, చేసినోడే కట్టాలి అని రూలొచ్చింది. సరిగ్గా అదే ఏడు టార్చ్ లైటున్న నోకియా 1100 వచ్చింది, ప్రపంచం మొత్తం మీద 25 కోట్లు అమ్ముడుపోయిన ఫోన్ అది. ఆ రెండూ కలిసేసరికి నా బూత్ పని అయిపోయింది, మిస్డ్ కాల్‌కి రాజయోగం పట్టింది. ఎందుకంటే ఎత్తినోడికి ఖర్చు లేదు, చేసినోడికే మొత్తం, కాబట్టి ఇద్దరిలో చేసేది ఎవరు అన్నదే అసలు ప్రశ్న అయిపోయింది.

దానికి ఎక్కడా రాయని రూల్స్ ఉండేవి. ఉద్యోగం ఉన్నోడు ఉద్యోగం లేనోడికి తిరిగి చెయ్యాలి. మామగారికి అల్లుడు మిస్డ్ కాల్ ఇస్తే మర్యాద తప్పినట్టు, కూతురు ఇస్తే ముద్దు. అప్పు ఇచ్చినోడు మిస్డ్ కాల్ ఇస్తే తీసుకున్నోడు తిరిగి చెయ్యడు, అది వేరే సంగతి. ఫ్రెండ్స్‌లో అయితే పెద్ద పంచాయితీలే, మా టీ కొట్టు బ్యాచ్‌లో ఒకడుండేవాడు, ఒక్క రింగుకే కట్ చేసేవాడు, వాడి కాల్ ఎత్తాలని పందెం కట్టి ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చునేవాళ్ళం, ఎత్తితే వాడికి నిమిషం డబ్బులు పోయేవి. అయిదు సెకన్లు మాట్లాడినా నిమిషం లెక్కే అప్పుడు, 2009లో టాటా డొకోమో సెకనుకి పైసా అని వచ్చేదాకా.

కాలర్ ట్యూన్లు వచ్చాక ఇంకో తమాషా. పాట పెట్టుకున్నోడు నెలనెలా డబ్బులు కట్టేవాడు, వినేది మాత్రం మిస్డ్ కాల్ ఇచ్చేవాడు. కొత్త సినిమా పాట ఎవడు పెట్టాడో కనుక్కుని, వాడికి రింగిచ్చి, పల్లవి వినేసి కట్ చేసే మహానుభావులు మా వీధిలోనే ఉన్నారు. 2020లో అందరికీ కలిపి ఒకటే ట్యూన్ అయిపోయింది, కరోనా దగ్గు, అది విన్నాక ఎవరికీ ఫోన్ చెయ్యబుద్ధి కాలేదు.

ఇదంతా సరదా భాగం. నిజామాబాద్, కరీంనగర్, కోనసీమ, కడప వైపు ఇళ్ళని అడిగి చూడండి, అక్కడ మిస్డ్ కాల్ సరదా కాదు. దుబాయ్‌లోనో కువైట్‌లోనో పనిచేసే మనిషికి ఇంటి నుంచి ఫోన్ చెయ్యాలంటే ఆ ఖర్చు తట్టుకోలేకపోయేవాళ్ళు, ఒక రింగ్ ఇస్తే ఆయన డ్యూటీ దిగాక కాలింగ్ కార్డు గీకి చేసేవాడు. వరసగా మూడుసార్లు మోగితే మాత్రం పని ఆపి పరిగెత్తాలి. ఇంక మన పల్లెల్లో అయితే మోటార్లకే మిస్డ్ కాల్ ఇచ్చారు. పొలం మోటార్లు నడిచే త్రీ ఫేజ్ కరెంటు ఏ అర్ధరాత్రో ఇచ్చేవాళ్ళు, పాములూ తేళ్ళూ ఉండే గట్ల మీద చీకట్లో నడిచి వెళ్ళి బోరు మోటార్ ఆన్ చెయ్యాలి. స్టార్టర్ డబ్బాలో సిమ్ పెట్టిన మొబైల్ స్టార్టర్లు వచ్చాయి, కొన్నిటికి రిజిస్టర్ చేసిన నంబర్ నుంచి రింగిస్తే చాలు, మోటార్ ఆన్. మంచం మీద నుంచే రూపాయి ఖర్చు లేకుండా పొలానికి నీళ్ళు. మీ స్మార్ట్ హోమ్ గొప్పలన్నీ నా దగ్గర చెప్పకండిరా.

కంపెనీవాళ్ళు ఊరికే ఉంటారా మరి, జనం కనిపెట్టిన దాన్ని వాళ్ళు వ్యాపారం చేశారు. బెంగళూరులో జిప్‌డయల్ అని ఒక స్టార్టప్ 2010లో మొదలైంది, ఫలానా నంబర్‌కి మిస్డ్ కాల్ ఇవ్వండి క్రికెట్ స్కోర్ పంపిస్తాం, ఆఫర్ పంపిస్తాం అని, నీ నంబర్ వాళ్ళ లిస్టులోకి పోతుంది, అదే వాళ్ళ సరుకు. 2015లో ట్విట్టర్ దాన్ని కొనేసింది. హిందుస్థాన్ యూనిలీవర్ వాళ్ళది ఇంకా గడుసు. బీహార్‌లో చాలా ఊళ్ళకి అప్పట్లో కరెంటు సరిగ్గా ఉండేది కాదు, టీవీ ప్రకటనలు ఎవరు చూస్తారు? కాన్ ఖజూరా టేసన్ అని పెట్టారు, మిస్డ్ కాల్ ఇస్తే వాళ్ళే తిరిగి చేసి పాటలూ జోకులూ వినిపించేవాళ్ళు, మధ్యలో సబ్బుల ప్రకటనలు. 2014లో కాన్స్ యాడ్ పండగలో గోల్డ్ అవార్డులు పట్టుకొచ్చింది అది. అదే ఏడు చివర్లో బీజేపీ మిస్డ్ కాల్‌తోనే సభ్యత్వం మొదలుపెట్టింది. పీఎఫ్ బ్యాలెన్స్, బ్యాంక్ బ్యాలెన్స్ ఇప్పటికీ మిస్డ్ కాల్‌తోనే చూసుకుంటాను నేను, యాప్ ఓపెన్ చేసి పాస్‌వర్డ్ గుర్తు తెచ్చుకునే కంటే అదే నయం.

అన్నిటికంటే నవ్వొచ్చేది 2019లో జరిగింది. ఒక నెట్‌వర్క్ నుంచి ఇంకో నెట్‌వర్క్‌కి కాల్ పోతే, చేసినోడి కంపెనీ ఎత్తినోడి కంపెనీకి నిమిషానికి 6 పైసలు కట్టాలి అప్పట్లో. జియోవాళ్ళేమన్నారంటే, మా దగ్గర కాల్స్ ఫ్రీ కదా అని పక్క నెట్‌వర్క్‌లవాళ్ళు మావాళ్ళకి రోజుకి 25 నుంచి 30 కోట్ల మిస్డ్ కాల్స్ ఇస్తున్నారు, మావాళ్ళు తిరిగి చేస్తున్నారు, ఆ ఆరు పైసలు మేం కడుతున్నాం అని. ఎయిర్‌టెల్ ఏమందంటే, మీరే రింగ్ టైమ్ 45 సెకన్ల నుంచి 20, 25కి తగ్గించేశారు, మావాడు జేబులోంచి ఫోన్ తీసేలోపే కట్, వాడు తిరిగి చేస్తే మేం మీకు కట్టాలి అని. చూశారా, వేల కోట్ల కంపెనీలు, లాయర్లూ రిపోర్టులూ, గొడవ మాత్రం మా టీ కొట్టు దగ్గర జరిగిందే! నువ్వు చెయ్యి అంటే నువ్వు చెయ్యి. చివరికి టెలికం కంపెనీల మీద అజమాయిషీ చేసే ట్రాయ్ మధ్యలో దూరి సెల్‌కి 30 సెకన్లు, ల్యాండ్‌లైన్‌కి 60 సెకన్లు మోగాల్సిందే అని నవంబర్ 1న తీర్పు చెప్పింది. ఆ ఆరు పైసల లెక్క 2021 జనవరితో ఎత్తేశారు.

అయినా అసలు దెబ్బ అంతకు ముందే పడింది. 2016లో జియో వచ్చి మాటలు ఫ్రీ అనేసరికి మిస్డ్ కాల్ అవసరం తగ్గింది అంటారు అందరూ, నిజమే గానీ సగమే. ఒకప్పుడు లైఫ్‌టైమ్ సిమ్ అని ఒక్కసారి డబ్బు కట్టి, ఏళ్ళ తరబడి మిస్డ్ కాల్స్ ఇచ్చుకుంటూ, వచ్చినవి ఎత్తుకుంటూ గడిపేసినవాళ్ళు లక్షల్లో ఉన్నారు. వాళ్ళ వల్ల కంపెనీకి వచ్చేది ఏమీ లేదు. 2018 చివర్లో ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా నెలకి కనీసం 35 రూపాయలు వేయించకపోతే ఇన్‌కమింగ్ కూడా ఆపేస్తాం అన్నాయి. 2024 జూలైకి ఎయిర్‌టెల్‌లో 28 రోజుల ప్లాన్ 199 అయింది. ఇప్పుడు కబురు కూడా అమ్ముతున్నారన్నమాట, సందు మూసేశారు.

చిన్నోడా, ఇది నీకు ముఖ్యం, ఆగస్టులో డల్లాస్ వెళ్తున్నావు కదా. అక్కడి సిమ్ రాగానే ఇక్కడి నంబర్ సంగతి మర్చిపోకు, రీఛార్జ్ లేకుండా 90 రోజులు వాడకపోతే నంబర్ తీసేసి ఇంకెవరికో ఇచ్చేస్తారు, బ్యాంకు ఓటీపీలు, ఆధార్ అన్నీ దాని మీదే ఉన్నాయి. రీఛార్జ్ డేట్ నాకు వాట్సాప్‌లో పెట్టు, నేను వేయిస్తుంటా. ఇంకోటి, ఊరూ పేరూ తెలీని విదేశీ నంబర్ నుంచి ఒక్క రింగ్ వచ్చి ఆగిపోతే ఎట్టి పరిస్థితిలోనూ తిరిగి చెయ్యకండి, అది ఖరీదైన లైన్‌కి కలిపి నిమిషాలు లెక్కేసుకునే మోసం. బుజ్జీ, నానమ్మకి కూడా ఇది నువ్వే చెప్పు, నేను చెప్తే వినదు.

ఇట్లు,
మీ పెదనాన్న