మందు ముందు, గ్రాహకం తర్వాత: గ్లిటజోన్ల వెనుక కథ

1980ల తొలినాళ్లలో జపాన్‌లోని టకెడా మందుల కంపెనీ శాస్త్రజ్ఞులు, గ్లిటజోన్లనే మధుమేహ మందుల కుటుంబానికి చెందిన సిగ్లిటజోన్ అనే పదార్థాన్ని ఊబకాయం, మధుమేహం ఉన్న ఎలుకలకు ఇస్తే వాటి రక్తంలో చక్కెరా కొవ్వూ తగ్గాయి గానీ, ఎందుకు తగ్గాయో ఎవరికీ అంతుపట్టలేదు. ఆ సంగతి తేలడానికి దాదాపు పుష్కరకాలం పట్టింది.

జవాబు కణ కేంద్రకంలో ఉంది. హార్మోన్లనో కొవ్వు ఆమ్లాలనో అందుకుని, నేరుగా డీఎన్‌ఏ మీద కూర్చుని జన్యువులను నడిపే ప్రొటీన్లే న్యూక్లియర్ రిసెప్టర్లు, అంటే కేంద్రక గ్రాహకాలు. 1985లో అమెరికాలోని సాల్క్ ఇన్‌స్టిట్యూట్‌లో రోనాల్డ్ ఎవాన్స్ బృందం, కార్టిజాల్ వంటి హార్మోన్లను అందుకునే గ్లూకోకార్టికాయిడ్ గ్రాహకం జన్యువును పట్టుకున్నాక, అదే కుటుంబానికి చెందినవి ఒకదాని వెంట ఒకటి బయటపడ్డాయి. వాటిలో పీపీఏఆర్-గామా అనేది కణాలను కొవ్వు కణాలుగా మారుస్తుందని 1994లో అమెరికా శాస్త్రజ్ఞుడు బ్రూస్ స్పీగెల్‌మన్ బృందం చూపింది. మరుసటి ఏడు గ్లాక్సో మందుల కంపెనీ పరిశోధకులు గ్లిటజోన్లు అంటుకునేది సరిగ్గా దానికేనని తేల్చారు.

కొవ్వు కణాలను పెంచే మందు షుగర్‌ను ఎలా తగ్గిస్తుందనే సందేహం సహజమే. దాచుకునే చోటు చాలనప్పుడు కొవ్వు కాలేయంలో, కండరాల్లో పేరుకుని ఇన్సులిన్‌కు అడ్డుపడుతుంది. కొత్త కొవ్వు కణాలు ఏర్పడితే అది ఉండవలసిన చోటికి చేరుతుంది. అయితే ఇది సగం కథే. ఊబకాయుల కొవ్వు కణజాలాన్ని సూక్ష్మదర్శిని కింద చూస్తే, చచ్చిన ఒక్కో కొవ్వు కణం చుట్టూ మాక్రోఫేజ్‌లనే రక్షణ కణాలు కిరీటంలా మూగి ఉంటాయి. అవి వదిలే టీఎన్‌ఎఫ్-ఆల్ఫా వంటి రసాయనాలే లోలోపల వాపును రాజేసి, ఇన్సులిన్ మాట చెల్లకుండా చేస్తాయి. పీపీఏఆర్-గామాను మేల్కొలిపితే మాక్రోఫేజ్‌ల ఈ దూకుడు తగ్గుతుందని 1998లో తెలిసింది. ఎలాగన్నది 2005లో క్రిస్టఫర్ గ్లాస్ బృందం వివరించింది: గ్రాహకానికి సుమో అనే చిన్న ప్రొటీన్ అతుక్కుంటుంది, అప్పుడది వాపు జన్యువుల మీద ఉన్న తాళాన్ని ఊడిపోనివ్వకుండా పట్టి ఉంచుతుంది. ఈ పరిశోధనంతటిలో నాకు అన్నిటికన్నా అందంగా తోచే ఘట్టం ఇదే.

ఈ మందుల వేటలో హైదరాబాద్ కూడా ఉందని మనవాళ్లలో ఎందరికి గుర్తుందో తెలియదు. అంజిరెడ్డి స్థాపించిన డాక్టర్ రెడ్డీస్ తమ బాలాగ్లిటజోన్‌ను 1997లో డెన్మార్క్‌కు చెందిన నోవో నార్డిస్క్‌కు లైసెన్స్‌కు ఇచ్చింది. ఒక భారతీయ కంపెనీ తాను కనుగొన్న అణువును విదేశీ సంస్థకు అలా ఇవ్వడం అదే మొదలు. ఆ తర్వాతి రాగాగ్లిటజార్ పీపీఏఆర్ కుటుంబంలోని ఆల్ఫా, గామా గ్రాహకాలు రెండింటినీ కదిలించేది. ఎలుకల మూత్రాశయంలో కణితులు కనిపించడంతో 2002లో పరీక్షలు ఆగిపోయాయి.

ఒకే గ్రాహకం మూత్రపిండంలోనూ ఎముకలోనూ పనిచేస్తున్నప్పుడు మేలు ఒక్కటే రాదు. కాళ్లకు నీరు పట్టడం, బరువు పెరగడం, ఎముకలు పెళుసుబారడం అందులోంచి వచ్చినవే. కాలేయాన్ని దెబ్బతీసిన ట్రోగ్లిటజోన్‌ను అమెరికాలో 2000లో ఉపసంహరించారు. గుండెపోటు భయంతో రోసిగ్లిటజోన్‌ను మన దేశం 2010లో నిషేధించింది. 2013 జూన్‌లో పయోగ్లిటజోన్‌ను కూడా నిలిపివేసి, కొద్ది వారాలకే మూత్రాశయ క్యాన్సర్ హెచ్చరికతో తిరిగి అనుమతించింది. అదే జూన్‌లో, అంజిరెడ్డి కన్నుమూసిన మూడు నెలలకు, ఆల్ఫా, గామా రెండింటి మీదా పనిచేసే సారోగ్లిటజార్‌కు అనుమతి వచ్చింది. దాన్ని తెచ్చింది అహ్మదాబాద్‌కు చెందిన జైడస్.