ఈడీఐ: 997 వస్తే ఆర్డరు ఒప్పుకున్నట్టేనా?

అపోహ: ఆర్డరు ఫైలుకు 997 అనే రశీదు వచ్చింది, ఇక సరుకు వచ్చేస్తుంది.

వాస్తవం: ఈడీఐలో, అంటే కంపెనీల కంప్యూటర్లు ఆర్డర్లు, బిల్లులు నేరుగా ఇచ్చిపుచ్చుకునే పద్ధతిలో, అన్నింటికన్నా ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే, అందుకే ముందు దీని సంగతి. అమెరికా కంపెనీలు ఎక్కువగా వాడే ఎక్స్12 అనే ఈడీఐ ప్రమాణంలో కొనుగోలు ఆర్డరు నంబరు 850. దాన్ని ఏఎస్2 (ఇంటర్నెట్‌లో ఫైళ్లు పంపే పద్ధతి) మీద పంపితే మొదట తిరిగొచ్చేది ఎండీఎన్ అనే రశీదు. ఫైలు చేరింది, దారిలో చెడలేదు అన్నంతవరకే దాని పూచీ. తర్వాత 997 వస్తుంది. అది చూసేది ఫైలు వ్యాకరణాన్ని మాత్రమే. 24 పెట్టెలకు బదులు పొరపాటున 2,400 అడిగినా 997లో ‘ఏ’ (ఒప్పుకున్నాం) అనే వస్తుంది. అంకెలు ఉండాల్సిన చోట అంకెలే ఉన్నాయి మరి. ఎన్ని ఇస్తాం, ఏ ధరకి, ఏ తేదీకి అని చెప్పేది అమ్మేవారు పంపే 855. రిజిస్టర్ పోస్టు అందుకుని కార్డు మీద సంతకం పెట్టినంత మాత్రాన లోపలి ఉత్తరానికి సరేనన్నట్టు కాదు కదా!

అమెరికా వైద్య బీమా క్లెయిములు చూసే హైదరాబాద్ టీములకూ ఇది వర్తిస్తుంది. 837 (క్లెయిము ఫైలు) పంపాక 999 (997 లాంటి రశీదే) వస్తే ఫైలు సరిగా ఉందనే అర్థం. క్లెయిమును పరిశీలనకు తీసుకున్నారో లేదో 277సీఏలో, ఎంత చెల్లించారో 835లో చూడాలి. ప్రతి రశీదుకీ విడిగా గడువు పెట్టి, దాటితే అలర్టు వచ్చేలా చేసుకోండి. 997లో ‘ఈ’ వచ్చినా వదిలేయకండి. ఒప్పుకున్నాం గానీ తప్పులున్నాయి అని దానర్థం. తప్పు ఏ సెగ్మెంటులోనో (ఫైల్లోని వరుస) ఏకే3, ఏ ఎలిమెంటులోనో (ఆ వరుసలోని గడి) ఏకే4 చూపిస్తాయి.

అపోహ: ఎక్స్12, ఎడిఫాక్ట్ (ఇంకో ఈడీఐ ప్రమాణం) ఒకటే, పేర్లు మారిస్తే చాలు.

జతలు ఉన్న మాట నిజమే. 850కి ఆర్డర్స్, 856 (సరుకు పంపుతున్న సమాచారం)కి డెసాడ్వ్, 810 (బిల్లు)కి ఇన్వాయిక్. తేడా లోపల ఉంటుంది. ఎడిఫాక్ట్‌లో ఎలిమెంట్లను విడదీసే + గుర్తు సరుకు పేరులోనే వస్తే దాని ముందు ? పెట్టి కాపాడుకోవచ్చు. ఎక్స్12లో ఆ సౌకర్యం లేదు. అక్కడ విడదీసే గుర్తు * అయితే, వివరణలో ఎక్కడో ఒక్క * ఉంటే చాలు, తర్వాతి ఎలిమెంట్లన్నీ ఒక గడి పక్కకు జరుగుతాయి. అందుకే మ్యాప్‌లోనే (మన డేటాను ఈడీఐ ఫైలుగా మార్చే నియమాల్లోనే) వాటిని తీసేయాలి. వెర్షను కూడా చూసుకోవాలి. 13 అంకెల సరుకు కోడుకు బార్‌కోడు ప్రమాణాలు చూసే జీఎస్1 సంస్థ వారి ఈన్‌కామ్ (ఎడిఫాక్ట్‌లో ఒక రూపం) డీ.96ఏ వెర్షనులో ‘ఈఎన్’ అని రాస్తారు, డీ.01బీలో అదే ‘ఎస్ఆర్‌వీ’ అవుతుంది.

అపోహ: ఎక్స్12లో గుర్తులు ఎప్పుడూ * , ~ లే.

కాదు. ఏ గుర్తులు వాడారో ఫైలు మొదట్లో ఉండే ఐఎస్ఏ సెగ్మెంటే చెబుతుంది. చివరి గుర్తుతో కలిపి దాని పొడవు కచ్చితంగా 106 అక్షరాలు. 4వది ఎలిమెంట్ల మధ్య గుర్తు, 105వది ఉపభాగాల గుర్తు, 106వది సెగ్మెంటు ముగింపు. పంపేవారి ఐడీ ఎంత చిన్నదైనా స్పేసులతో 15 అక్షరాలు నింపాలి. ఫైలును మెయిల్లో అతికించి పంపితే వరుస స్పేసులు ఒకటైపోవచ్చు, అప్పుడు మొత్తం లెక్క తప్పుతుంది. ఇంకొకటి: ఐఎస్ఏలో తేదీ ఆరంకెలే, వెర్షన్ 4010లో దాని తర్వాత వచ్చే జీఎస్ సెగ్మెంటులో మాత్రం ఎనిమిది. ఒకటి చూసి రెండోది ‘సరిదిద్దకండి’.

అపోహ: ఇద్దరిదీ 4010 అయితే పాత మ్యాపే పనిచేస్తుంది.

ప్రమాణం చాలా వాటిని ఐచ్ఛికంగా వదిలేస్తుంది. ఏవి తప్పనిసరో పార్టనర్ ఇచ్చే గైడులో ఉంటుంది. 856లో పెట్టె మీది ఎస్ఎస్‌సీసీ (ఆ పెట్టె గుర్తింపు నంబరు) సంగతే చూడండి: నంబరు 18 అంకెలు. కొందరు ముందు 00 చేర్చి 20 అడుగుతారు. లేబుల్ మీదున్నది, ఫైల్లో ఉన్నది కలవకపోతే గోడౌనులో స్కాను ఆగిపోతుంది, బిల్లులో కోత పడుతుంది.

అపోహ: ఏఎస్2 ఒక ఈడీఐ ప్రమాణం.

అది పంపే దారి. దాని మీద ఎక్స్12 పోతుంది, ఎడిఫాక్ట్ పోతుంది, ఎక్స్ఎంఎల్ కూడా పోతుంది.

అపోహ: జీఎస్టీ ఈ-ఇన్వాయిస్ చేస్తున్నాం, ఈడీఐ అక్కర్లేదు.

ఈ-ఇన్వాయిస్‌లో జేసన్ ఫైలు వెళ్లేది ప్రభుత్వ పోర్టల్‌కి. అక్కడ 64 అక్షరాల ఐఆర్ఎన్ (బిల్లు గుర్తింపు సంఖ్య) వస్తుంది. కొన్నవారి సాఫ్ట్‌వేర్‌లోకి బిల్లు దానంతట అది చేరదు. పటాన్‌చెరు నుంచి మందులు ఎగుమతి చేసే కంపెనీ ఐఆర్ఎన్ తీసుకున్నా, అవతలివారు ఈడీఐలో బిల్లు అడిగితే 810 గానీ ఇన్వాయిక్ గానీ విడిగా పంపాల్సిందే.