ముక్కు వెనుక క్యాన్సర్: వరంగల్‌లో నేను వినే అపోహలు, అసలు వాస్తవాలు

చెవి, ముక్కు, గొంతు డాక్టరుగా నన్ను ఎక్కువ బాధపెట్టే మాట: "నొప్పి లేదు కద సార్, అందుకే రాలే." ముక్కు వెనుక, అంగిలి పైభాగాన వచ్చే నాసోఫారింక్స్ క్యాన్సర్‌లో ఈ మాటే నెలలు మింగేస్తుంది.

అపోహ: మెడలో గడ్డ నొప్పి లేకుంటే భయం లేదు.

వాస్తవం: నొప్పి లేకుండా, గట్టిగా, పెరుగుతూ పోయే గడ్డనే ముందు చూపించాలి. ఈ జబ్బులో చాలామందికి మొదట కనిపించేది అదే. అప్పటికే జబ్బు మెడ దాకా వచ్చిందన్నమాట. మన దగ్గర టీబీ ఎక్కువ, అనుమానం అటు పోవడం సహజం. కానీ పరీక్ష లేకుండా టీబీ మందులు మొదలుపెట్టొద్దు. గడ్డలోకి సూది గుచ్చి చేసే పరీక్షతో క్యాన్సర్ పాకుతుందని, అది మానేసి వెళ్లేవాళ్లున్నారు. ఆ భయం అక్కర్లేదు.

అపోహ: చెవి దిబ్బడ అంటే గులిమే.

వాస్తవం: ముక్కు వెనుక నుంచి చెవికి సన్నని గొట్టం ఉంటుంది. కణితి దాన్ని మూస్తే చెవిపరద వెనుక నీరు చేరుతుంది. పెద్దవాళ్లకు జలుబు తగ్గినా ఒక్క చెవే వారాల తరబడి దిబ్బడగా ఉంటే నూనె చుక్కలు వేయొద్దు. ముక్కులోంచి ఎండోస్కోపీ (సన్నని కెమెరా గొట్టంతో చూసే పరీక్ష) చేయించాలి, కొద్ది నిమిషాల పని. పొద్దున కాకరిస్తే రక్తపు చారలు పడితే "వేడి చేసింది" అని సరిపెట్టుకోకండి.

అపోహ: కళ్లకు రెండుగా కనిపిస్తే కంటి జబ్బే.

వాస్తవం: జబ్బు ముదిరి పుర్రె అడుగుకు చేరితే కంటిని బయటి వైపు తిప్పే నరం దెబ్బతిని రెండుగా కనిపించవచ్చు. ముఖం ఒక పక్క తిమ్మిరి, తగ్గని తలనొప్పి, నోరు తెరవలేకపోవడం, మింగలేకపోవడం కూడా రావచ్చు. పేషెంటు కంటి డాక్టరు, పంటి డాక్టరు, నరాల డాక్టరు చుట్టూ తిరుగుతుంటాడు. చెవి దిబ్బడ సంగతి ఎవరికీ చెప్పడు. దయచేసి అన్నీ ఒక్క డాక్టరుకే చెప్పండి.

అపోహ: గుట్కా, సిగరెట్ లేకుంటే రాదు.

వాస్తవం: ఆ అలవాట్లు లేనివాళ్లకూ వస్తుంది. దీనికి ఎప్‌స్టీన్-బార్ అనే వైరస్‌తో గట్టి సంబంధం ఉంది. దక్షిణ చైనాలో, మన దేశంలో నాగాలాండ్, మణిపూర్ వైపు ఎక్కువ. ఇక్కడ అరుదు, అందుకే డాక్టర్లకూ తొందరగా తట్టదు.

అపోహ: ముదిరితే ఇక లాభం లేదు, కరెంటు (రేడియేషన్) పెడితే మనిషి ఖతం.

వాస్తవం: ఈ క్యాన్సర్ రేడియేషన్‌కు బాగా లొంగుతుంది. మెడకు పాకినా, కీమో (క్యాన్సర్ మందులు)తో కలిపి ఇస్తే నయమయ్యేవాళ్లు చాలామంది. ఎముకలకు, కాలేయానికి, ఊపిరితిత్తులకు చేరితే కష్టం పెరుగుతుంది, అప్పుడు కూడా చికిత్స ఉంది. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ దవాఖాన ప్రభుత్వానిదే. ఆరోగ్యశ్రీ గురించి అక్కడే అడగండి. రేడియేషన్ తర్వాత నోరు ఎండిపోయి పళ్లు త్వరగా పాడవుతాయి, కాబట్టి మొదలుపెట్టకముందే పంటి డాక్టరుకు చూపించుకోండి.