ఎక్స్‌రే కోర్సు ఫలితాలు: పాస్ శాతం ఒక్కటే కొలబద్ద ఎలా అయింది?

అడ్మిషన్ల సీజన్ వచ్చిందంటే కాకినాడ, రాజమండ్రి, అమలాపురం, భీమవరం సెంటర్లలో పారామెడికల్ కాలేజీల ఫ్లెక్సీలు లేస్తాయి. ఎక్స్‌రే, స్కానింగ్ పని నేర్పే డీఎంఐటీ (మెడికల్ ఇమేజింగ్ డిప్లొమా), బీఎస్సీ ఇమేజింగ్ లాంటి కోర్సుల పేర్ల కింద గొప్పగా చెప్పుకునేవి రెండే: పాస్ శాతం, ఉద్యోగాల శాతం. ఇంటర్ బైపీసీ అయ్యి మెడిసిన్ సీటు రాని పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు ఆ రెండూ చూసే ఫీజు కడతారు. ఆ అంకెలు అబద్ధమని నేననడం లేదు. కానీ ఎక్స్‌రే బల్ల మీద పడుకున్న మనిషికి ఆ విద్యార్థి చేతి పని ఎలా ఉంటుందో అవి చెప్పవు. ఈ పరిస్థితి ఒక్కరోజులో వచ్చింది కాదు.

1895 నవంబరు 8న రంట్‌జెన్ ఎక్స్ కిరణాలను గుర్తించాక చాలాకాలం పాటు ఎక్స్‌రే తీయడం సీనియర్ పక్కన నిలబడి నేర్చుకునే పనే. మన వైపు కాకినాడలో 1958లో రంగరాయ మెడికల్ కాలేజీ వచ్చింది. అలాంటి చోట్ల ఎక్స్‌రే తీసే రేడియోగ్రాఫర్లు తయారైన రోజుల్లో అంతా ఫిల్మే. డార్క్ రూమ్‌లో డెవలపర్, ఫిక్సర్ ట్రేల పక్కన పాడైన ఫిల్ముల కుప్ప ఒకటి ఉండేది. నల్లగా మాడినవి, తెల్లగా పాలిపోయినవి, రోగి కదిలి మసకబారినవి, ఎడమో కుడో తెలిపే ఎల్, ఆర్ మార్కర్ పెట్టడం మరిచిపోయినవి. స్టోర్స్ నుంచి ఎన్ని ఫిల్ములు వచ్చాయి, ఎంతమందికి తీశారు అన్న లెక్క తేలాలి కాబట్టి ఏ ఫిల్మ్ ఎందుకు పాడైందో సీనియర్‌కి తెలిసేది. దాన్ని ఎవరూ మూల్యాంకనం అనలేదు. కానీ నేర్చుకునే కుర్రాడి పనితనానికి అంతకన్నా నిజమైన కొలత ఉండేది కాదని నా నమ్మకం.

అమెరికాలో దారి వేరేగా సాగింది. రేడియోగ్రాఫర్లకు పరీక్ష పెట్టి రిజిస్టర్ చేసే ఏఆర్‌ఆర్‌టీ 1922లో మొదలైంది. కాలేజీ కోర్సులకు గుర్తింపునిచ్చే జేఆర్‌సీఈఆర్‌టీ 1969లో వచ్చింది. ఈ రెండో సంస్థ నియమాల ప్రకారం, కోర్సు పూర్తయిన ఆరు నెలల్లోపు పరీక్ష రాసినవాళ్లలో మొదటిసారే పాసైనవాళ్లు ఐదేళ్ల సగటున కనీసం 75 శాతం ఉండాలి. ఉద్యోగం వెతుక్కునేవాళ్లలో ఏడాదిలోపు చేరినవాళ్లూ ఐదేళ్ల సగటున 75 శాతానికి తగ్గకూడదు. చేరినవాళ్లలో ఎంతమంది కోర్సు పూర్తి చేశారో కూడా చెప్పాలి. ఇవన్నీ జనానికి కనిపించేలా ప్రకటించాలి. ఒక్క ఏడాది అంకెను ఏరుకుని చూపించే వీలు లేకుండా ఐదేళ్ల సగటు అడగడం నాకు బాగా నచ్చిన సంగతి. మధ్యలో మానేసినవాళ్లను లెక్కలోంచి తీసేస్తే పాస్ శాతం దానంతట అదే పెరుగుతుంది. మన ఫ్లెక్సీల మీద మానేసినవాళ్ల ఊసు ఎక్కడుంటుంది?

చేసి చూపించే పనిని ఎలా కొలవాలన్న దానికి వైద్య విద్యలో అప్పటికే దారి పడింది. 1975లో స్కాట్లాండ్‌లోని డండీలో రోనాల్డ్ హార్డెన్ బృందం ఆస్కీ (OSCE) అనే పరీక్ష పద్ధతిని ప్రకటించింది. విద్యార్థి ఒక్కో స్టేషన్ దగ్గర ఆగి పని చేసి చూపించాలి, పరీక్షించేవాళ్లందరి చేతిలో ఒకే చెక్‌లిస్ట్ ఉంటుంది. 1990లో జార్జ్ మిల్లర్ పనితనాన్ని నాలుగు మెట్లుగా చెప్పాడు: తెలుసు, ఎలాగో తెలుసు, చేసి చూపగలడు, రోజూ చేస్తున్నాడు. మన థియరీ పేపర్లు మొదటి రెండు మెట్ల దగ్గరే ఆగుతాయి. ప్రాక్టికల్స్ రోజు ఎక్స్‌టర్నల్ ముందు తీసే ఒకటి రెండు పొజిషన్లు మహా అయితే మూడో మెట్టు.

మన దగ్గర బాధ్యత ముక్కలుముక్కలుగా ఉంది. యూనివర్సిటీలు, పారామెడికల్ బోర్డు పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తాయి. 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ బోర్డు, ఏఈఆర్‌బీ, మిషన్ భద్రత చూస్తుంది. సిబ్బంది మీద పడే రేడియేషన్‌కీ దాని నిబంధనలే: ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు, ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. సిబ్బంది ఒంటి మీద పడ్డ రేడియేషన్‌ని కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి ఉన్నది అందుకే. విద్యార్థి చేతుల మీదుగా రోగికి అనవసరంగా ఎంత పడిందన్న లెక్క మాత్రం ఎవరి రిజిస్టర్‌లోనూ చేరలేదు. ఇదే డెల్టాలో ఇంజినీరింగ్ కాలేజీలు, ఇంజినీరింగ్ డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించుకునే వాషింగ్టన్ ఒప్పందంలో 2014లో భారత్ పూర్తి సభ్యురాలయ్యాక, కోర్సు వల్ల విద్యార్థికి ఏం వచ్చిందో చూపే సీఓ–పీఓ పట్టికలతో కుస్తీ పడుతున్నాయి. పారామెడికల్ చదువులకు దేశం మొత్తానికీ ఒక చట్టం 2021లోగానీ రాలేదు. ఆ చట్టం కింద ఏర్పడిన జాతీయ కమిషన్ 2025లో విడుదల చేసిన పాఠ్య ప్రణాళికల్లో రేడియాలజీ ఇమేజింగ్ కూడా ఉంది.

ఈలోగా ఫిల్మ్ పోయి సీఆర్, డీఆర్ అనే డిజిటల్ పద్ధతులు వచ్చాయి. పాడైన ఫిల్ముల కుప్ప మాయమైంది. ఇప్పుడు తప్పు పొజిషన్‌లో తీసిన ఇమేజ్ ఒక్క బటన్‌తో పోతుంది. అంతకన్నా ప్రమాదం ఇంకోటుంది. ఫిల్మ్‌కి ఎక్కువ ఎక్స్‌పోజర్ ఇస్తే నల్లబడి తప్పు బయటపడేది. డిజిటల్‌లో ఎక్కువిస్తే బొమ్మ ఇంకా నున్నగా, అందంగా వస్తుంది. దాంతో టెన్షన్ లేకుండా కాస్త ఎక్కువే ఇచ్చేయడం అలవాటైపోతుంది.

కోనసీమలో కొబ్బరి చెట్టు మీంచి పడ్డ దింపు కార్మికుణ్ణి స్ట్రెచర్ మీద తెచ్చారనుకుందాం. నడుము ఎముక విరిగిందేమోనని అనుమానం. పుస్తకంలో లంబార్ లేటరల్‌కి, అంటే నడుముని పక్కనుంచి తీసే ఎక్స్‌రేకి, రోగిని పక్కకి తిప్పి పడుకోబెట్టమని ఉంటుంది. ఇక్కడ ఆ పని చేయకూడదు. వెల్లకిలా ఉన్న మనిషిని అలాగే ఉంచి, బొమ్మ పడే పలక, అంటే క్యాసెట్‌ని, పక్కన నిలబెట్టి, ట్యూబునే అడ్డంగా తిప్పాలి. "బాబాయ్, మీరు కదలొద్దు, మిషనే మీ దగ్గరికి తెస్తాను" అని చెప్పగలిగిన విద్యార్థికి పని వచ్చినట్టు. ఛాతీ ఎక్స్‌రేకి పడేది సుమారు 0.02 మిల్లీసీవర్ట్‌లైతే నడుముకి తీసే వరసకి సుమారు 1.5. అంటే ఆ వరస మొత్తం మళ్లీ తీయాల్సి వస్తే దాదాపు 75 ఛాతీ ఎక్స్‌రేలంత. పాస్ శాతంలో ఇది కనిపించదు.

నిజానికి కొలిచే సాధనం ఆస్పత్రిలోనే ఉంది. చాలా డీఆర్ మిషన్లు రిజెక్ట్ చేసిన ప్రతి ఇమేజ్‌నీ కారణంతో సహా దాచుకుంటాయి. 2008లో ఎక్స్‌పోజర్ ఎంత ఇచ్చారో చెప్పే ఎక్స్‌పోజర్ ఇండెక్స్‌కి అంతర్జాతీయ ప్రమాణం కూడా వచ్చింది. అందులో డీవియేషన్, అంటే ఇవ్వాల్సిన దానికీ ఇచ్చిన దానికీ తేడా, సున్నా ఉంటే సరిపడా ఇచ్చినట్టు, ప్లస్ మూడు ఉంటే రెట్టింపు ఇచ్చినట్టు. లాగ్ బుక్‌లో "చెస్ట్ పీఏ – 50" (ఛాతీ ఎక్స్‌రేలు యాభై) అని రాసి సంతకం పెట్టించుకోవడం కన్నా, ఆ యాభైలో ఎన్ని రిపీట్ అయ్యాయి, డీవియేషన్ ఎంత వచ్చింది, ఫస్టియర్ నుంచి చివరి పోస్టింగ్‌కి ఎంత తగ్గింది అని రాయిస్తే అదీ ఫలితం. రిపీట్లు దాచేస్తారన్న భయం నిజమే. అందుకే ఆ లెక్కను మార్కులకు కాకుండా నేర్పడానికి వాడాలి. మొదట్లో రిపీట్ చేసినందుకు ఏ పిల్లనీ తిట్టకూడదు.

అడ్డంకి చిన్నదే. టెక్నీషియన్ లాగిన్‌తోనే ఆస్పత్రిలో పోస్టింగ్‌లో ఉన్న పిల్లలందరూ ఎక్స్‌రేలు తీస్తే, ఏది ఎవరు తీశారో మిషన్‌కి తెలియదు. ఒక్కో విద్యార్థికి వేరే ఐడీ ఇవ్వడానికి కొత్త మిషన్ అక్కర్లేదు. డిపార్ట్‌మెంట్ హెడ్, కాలేజీ ప్రిన్సిపాల్ కూర్చుని మాట్లాడుకుంటే అయ్యే పని.