జూన్ నోటు పుస్తకాల వెనుక పిడికెడు బియ్యం

ఆంధ్రలో జూన్ 12న బడులు తెరుస్తారంటే, దానికి ముందు ఆదివారం చాలా చర్చిల్లో ఓ బల్ల అదనంగా పడుతుంది. దాని మీద లాంగ్ నోటు పుస్తకాల కట్టలు, జామెట్రీ బాక్సులు, అట్టలు వేయడానికి ఖాకీ కాగితం చుట్ట. సంఘపెద్ద పేర్లు చదువుతుంటే పిల్లలు ఒక్కొక్కరే వచ్చి అందుకుంటారు. కొన్నిచోట్ల ఈ పేర్లు చదవడం మానేశారు. అందరి ముందు చేయి చాపడం ఎనిమిదో తరగతి పిల్లకు నచ్చదని పాస్టరమ్మే సంచి ఇంటికి చేరుస్తుంది.

ఈ అలవాటు పుస్తకాలతో మొదలవలేదు. అప్పట్లో మాలపల్లెకు, మాదిగపల్లెకు బడే లేదు. 1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ గుంటూరుకు, 1866లో బాప్టిస్టు మిషనరీ క్లౌ ఒంగోలుకు వచ్చాక వాళ్ల మిషన్లు పల్లె బడులు పెట్టాయి. పలక, బలపం ఇస్తే సరిపోలేదు. పశువులు కాసే పిల్లవాణ్ణి బడికి పంపితే ఆ పూట గింజలు పోతాయి. అందుకే తిండి, బట్ట కలిపి ‘బోర్డింగు’ వచ్చింది. ‘మావాణ్ణి బోర్డింగులో వేశాం’ అన్న మాట కోస్తా ఇళ్లల్లో ఇప్పటికీ వినిపిస్తుంది.

సాయంతోపాటు అనుమానమూ అప్పుడే పుట్టింది. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. కానీ కరువు సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు, బియ్యం కోసం మతం మారారన్న మాట పడకూడదని. కరువు తగ్గాక 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆయన జాగ్రత్త ఆ అనుమానాన్ని చెరిపిందా అంటే, లేదనే అంటాను.

ఇంకో చిక్కు 1950లో వచ్చింది. రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. తర్వాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మన దగ్గర క్రైస్తవులైన దళితులు వెనుకబడిన తరగతుల్లో బీసీ-సీ కింద ఉన్నారు, రిజర్వేషన్ వాటా ఒక్క శాతం. అదే వాడ, అదే కూలి, సర్టిఫికెట్ మాత్రం వేరు. చర్చి బల్ల మీద పుస్తకాలు పేరుకోవడానికి ఇదీ ఓ కారణం.

ఆ తర్వాత కాలం స్పాన్సర్లది. కంపాషన్ అనే అమెరికా సంస్థ 1952లో కొరియా యుద్ధ అనాథల కోసం మొదలై మన దేశానికీ వచ్చింది. ఇలాంటి పథకాల్లో పిల్లవాడి ఫొటో సముద్రం దాటేది, ఫీజు డబ్బు ఇటు వచ్చేది. క్రిస్మస్‌కు స్కెచ్ పెన్నుతో నక్షత్రం గీసి, ఎన్నడూ చూడని ‘అంకుల్’కి ఉత్తరం రాయాలి. విదేశీ విరాళాల నిబంధనల కింద అనుమతి దొరక్క ఆ సంస్థ 2017 మార్చిలో భారత్‌లో పని ఆపేసింది. అప్పటికి దాని జాబితాలో సుమారు 1.45 లక్షల మంది పిల్లలున్నారు. 2020 సవరణతో ఒక సంస్థకు వచ్చిన విదేశీ డబ్బును ఇంకో సంస్థకు ఇచ్చే దారీ మూసుకుపోయింది. పెద్ద సంస్థల ద్వారా నిధులందుకునే చిన్న సంఘాలకు గట్టి దెబ్బ తగిలింది ఇక్కడే.

మిగిలింది సొంత గిన్నె. అన్నం వండే ముందు ఎసట్లో పోసే బియ్యంలోంచి ఓ పిడికెడు తీసి డబ్బాలో వేసి, నెలకోసారి చర్చికి తేవడం తెలుగు క్రైస్తవ ఆడవాళ్ల పాత అలవాటు. కోత పండుగలో గుమ్మడికాయను, నాటుకోడిని వేలం పెడితే బజారు ధరకు ఎన్నో రెట్లు పలుకుతాయి. పాడేవాళ్లకూ తెలుసు, తాము కొంటున్నది కోడిని కాదని. ఇప్పుడు చాలాచోట్ల జూన్ కట్టలు ఈ డబ్బుతోనే వస్తున్నాయి.

ఈలోగా అడిగేదే మారిపోయింది. 2020 నుంచి ఆంధ్ర ప్రభుత్వ బడుల్లో పుస్తకాలు, యూనిఫాం, బూట్లు, బ్యాగు కిట్టుగా ఇస్తున్నారు. కాన్వెంటులో వేసిన తల్లి పాస్టరు దగ్గరికి వస్తే నోటు పుస్తకాల మాట ఎత్తదు, టర్మ్ ఫీజు, బస్సు ఫీజు సంగతి చెబుతుంది. పిడికెడు బియ్యం డబ్బా అక్కడిదాకా అందడం లేదు.