ఆడపిల్లలోని 'ఆడ' ఎక్కడిది?

అప్పగింతల వేళ పెళ్లికూతురి చేతులు పాలలో ముంచి అత్తవారికి అప్పజెబుతుండగా, "ఆడపిల్ల అంటే ఆడ పిల్లే గానీ ఈడ పిల్ల కాదు" అని పెద్దావిడ ఒకరు అనడం, చుట్టూ ఉన్నవారు కళ్లొత్తుకోవడం తెలుగు పెళ్లిళ్లలో మామూలే. ఆడ అంటే అక్కడ, ఈడ అంటే ఇక్కడ కాబట్టి, కూతురు పుట్టుకతోనే పరాయి ఇంటిదని ఆ పేరే చెబుతోందన్నది ఈ మాటలోని వాదం.

అయితే ఈ రెండు 'ఆడ'లకూ చుట్టరికం లేదు. అక్కడ అనే అర్థమిచ్చేది 'ఆ', 'ఎడ' కలిసి ఏర్పడిన మాట. స్త్రీని చెప్పేది 'ఆఁడు', పాత నిఘంటువులు దాన్ని అరసున్నతో అచ్చువేసేవి. అరసున్న జారిపోయాక రెండూ కంటికీ చెవికీ ఒకటైపోయాయి. పైగా ఆడపులి, ఆడ ఏనుగు అని కూడా అంటాం, వాటికి అత్తవారిల్లు లేదు కదా. ఇక కోడలు తన భర్త అక్కచెల్లెళ్లను ఆడబిడ్డలనే చెప్పుకుంటుంది, అంటే ఆ ఇంట్లోనే పుట్టిన పిల్లకు ఆ పేరు.

స్త్రీని వేరుగా లెక్కించిన జాడ మాటల మూలాల్లో కన్నా వ్యాకరణంలో స్పష్టంగా దొరుకుతుంది. స్త్రీలు, పశుపక్ష్యాదులు, జడపదార్థాలు కానివాటిని, అంటే మగవారిని చెప్పే మాటలను, చిన్నయసూరి 1858లో వెలువడిన బాలవ్యాకరణంలో మహత్తులన్నారు. అది ఆయన సొంత తీర్పు కాదు, రాముడు వచ్చాడు, సీత వచ్చింది, బండి వచ్చింది అనే భాష నడకకు పెట్టిన పేరు. బహువచనంలో మాత్రం ఆడవాళ్లూ మగవాళ్లలాగే 'వచ్చారు', బండ్లు 'వచ్చాయి'. తమిళ, కన్నడాలలోని 'అవళ్', 'అవళు' వంటి ప్రత్యేక స్త్రీలింగ రూపాలు తర్వాత ఏర్పడినవనీ, ఏకవచనంలో తెలుగుది పాత పద్ధతి అనీ భద్రిరాజు కృష్ణమూర్తి వంటి భాషాశాస్త్రవేత్తలు భావించారు. అయినా "మా ఆయన వచ్చారు" అనే ఇల్లాలిని గురించి ఆ ఆయన "మా ఆవిడ వచ్చింది" అనడాన్ని వ్యాకరణం మీదికి నెట్టడం కుదరదు, ఎందుకంటే "ఆవిడ వచ్చారు" అనడానికి భాషలో ఏ అడ్డూ లేదు.

సంస్కృతం నుంచి వచ్చిన పేర్ల సంగతి వేరు, వాటిలో తీర్పు బాహాటంగానే ఉంది. వీధిబడుల్లో వల్లె వేయించిన అమరకోశమనే సంస్కృత నిఘంటువులో స్త్రీ, యోషిత్ తర్వాత మూడో పేరే అబల, అంటే బలం లేనిది. అదే వరుసలో ఎదురుగా చూడక చూపు తిప్పుకొనే ప్రతీపదర్శిని, ఆ తర్వాతి శ్లోకంలో భయపడే భీరువు వస్తారు. స్త్రీలు బలహీనులు, బుద్ధిహీనులు అన్న అభిప్రాయం తప్పని చరిత్రలోని ఉదాహరణలతో చూపడానికి భండారు అచ్చమాంబ పూనుకున్న గ్రంథం పేరు 'అబలా సచ్చరిత్ర రత్నమాల' కావడం ఈ సందర్భంలో గమనించదగినది. ఇందులో వ్యంగ్యం ఉందని నేను అనుకోను, ఆనాటి గ్రాంథికంలో ఆ మాట అర్థం అరిగిపోయి ఉత్త పర్యాయపదంగా మిగిలిందంతే.

ఆస్తి దగ్గరకు వచ్చేసరికి మాత్రం పెళ్లింటి వ్యుత్పత్తే నెగ్గింది. హిందూ వారసత్వంలోని మితాక్షర పద్ధతిలో ఉమ్మడి ఆస్తి మీద పుట్టుకతో హక్కు కొడుకులకే ఉండేది. ఎన్.టి. రామారావు ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టానికి రాష్ట్ర సవరణ తెచ్చి, 1985 సెప్టెంబరు 5 నుంచి కూతురికీ ఆ హక్కు కల్పించింది, కాని అంతకుముందే పెళ్లయిన కూతుళ్లకు అది వర్తించదని ఆ సవరణలోనే రాశారు. ఆ లెక్కన ఆగస్టులో పెళ్లయిన అక్క 'ఆడ పిల్ల', ఇంకా పెళ్లికాని చెల్లెలు 'ఈడ పిల్ల'. ఈ పెళ్లి షరతు లేకుండా కూతుళ్లందరికీ కొడుకులతో సమాన హక్కు ఇచ్చిన కేంద్ర సవరణ 2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చింది, ఆ తేదీ నాటికి తండ్రి బతికి ఉండనక్కరలేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో తేల్చింది.